చాయ్ గ్లాసు ముట్టని కూడికలో ఏం చదవాలి?

ప్రశ్న: అక్కా, మాది నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట దగ్గర ఒక ఊరు. నాకు 26 ఏళ్లు. మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు ఊరికి వస్తుంటాను. మా తాత కాలంలోనే మావాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పది పన్నెండు మంది యవ్వనస్థులం కూర్చుని బైబిలు చదువుతున్నాం. "క్రైస్తవులంటే ఎవరు? అసలు మనం ఎవరం?" అన్నది తేల్చుకుందామని మొదలుపెట్టాం. తేలడం అటుంచి ప్రతివారం గొడవే. బతుకమ్మ ఆడొచ్చా, ప్రసాదం తినొచ్చా అని ఒకరు. కులం సర్టిఫికెట్‌లో ఒకటి, చర్చిలో ఒకటి ఎందుకని ఇంకొకరు. బైబిల్ ట్రైనింగ్ చేసొచ్చిన ఒకతను నోరు తెరిస్తే గంటసేపు ఆపడు. మా నాయనమ్మలాంటి చదువురానివాళ్లు వస్తామంటే యూత్ మీటింగ్‌లో వాళ్లకేం పని అంటున్నారు. మొన్న ఒకరింట్లో కూడిక పెట్టుకున్నాం. వాళ్లమ్మ చాయ్ ఇస్తే ఇద్దరు "ఇప్పుడే తాగొచ్చినం" అని గ్లాసు ముట్టలేదు. వాళ్లది పక్క వాడ. ఇట్లా కలిసి చదవడం వల్ల లాభముందా? ఎవరింట్లో వాళ్లు చదువుకోవడమే మేలా?

జవాబు: తమ్ముడూ, అసలు సంగతిని ఉత్తరం చివర్లో, రెండు ముక్కల్లో పడేశావు. బతుకమ్మ గురించీ సర్టిఫికెట్ గురించీ తర్వాత మాట్లాడదాం. ముందు ఆ చాయ్ గ్లాసు సంగతి చూద్దాం.

శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచింది అంతియొకయలో. సండే స్కూల్లో బట్టీ పట్టిన మాటే ఇది, అపొస్తలుల కార్యములు 11:26. కొత్త నిబంధన మొత్తంలో ఆ పేరు కనిపించేదే మూడు చోట్ల. ఇప్పుడు గలతీయులకు పౌలు రాసిన పత్రిక 2వ అధ్యాయం తీసి 11 నుంచి 14 దాకా చదువు. ఊరు అదే అంతియొకయ. పేతురు అక్కడ యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తున్నాడు. అంతా బాగానే ఉంది. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరివాళ్లు కొందరు వచ్చారు. వాళ్లేమనుకుంటారోనని పేతురు మెల్లగా పక్కకు జరిగాడు. ఆయన్ను చూసి మిగతా యూదులూ జరిగారు. ఆఖరికి బర్నబా కూడా.

పేతురు అక్కడ విశ్వాసం వదిలేయలేదు. ప్రార్థన మానలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. లేచి వేరేచోట కూర్చున్నాడు, అంతే. "ఆకలి లేదు" అని ఏదో ఒకటి చెప్పి ఉంటాడు కూడా. పౌలు దాన్ని మర్యాద తప్పడంగా చూడలేదు. వాళ్లు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు, అందరి ముందూ నిలదీశాడు. ఆ పేరు పుట్టిన ఊళ్లోనే పంక్తి చీలింది, ఆ చీలిక మీదే పెద్ద పంచాయితీ అయింది. మనం ఎవరం అన్న ప్రశ్నకు జవాబు ఎవరి పక్కన కూర్చుని తింటున్నాం అన్నదాంట్లో సగానికి పైగా ఉందని నాకు ఆ నాలుగు వచనాలు చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

మాలవాడకొక చర్చి, మాదిగవాడకొక చర్చి ఉన్న ఊళ్లు మన నల్లగొండలో, పాలమూరులో ఉన్నాయని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరు దూరం పెట్టిందన్న బాధ రెండు వాడలదీ. ఆ బాధ పడ్డవాళ్లమే మళ్లీ ఒకరి గ్లాసు ఒకరం ముట్టం. ఎస్సీ వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు, దాని మీద కొట్లాడుకోవడానికి వేరే వేదికలున్నాయి. అది చాయ్ దాకా వస్తే మాత్రం కూడికలో ఎంత చదివినా నోటితో చదివినట్టే.

అట్లాగని ఆ ఇద్దరినీ నలుగురిలో నిలబెట్టి అడగొద్దు. పౌలు అడిగాడు కదా అంటావేమో. పేతురు పెద్ద, ఆయన్ను చూసి పదిమంది నడుస్తారు కాబట్టి అందరి ముందూ అడగాల్సి వచ్చింది. వీళ్లు కుర్రవాళ్లు. ఇంటికెళ్తే తిట్లు పడతాయన్న భయం కూడా ఉండొచ్చు. ఆ నాలుగు వచనాలూ ఒక ఆదివారం అందరూ కలిసి చదవండి. చాయ్ పేరెత్తొద్దు. ఎవరికి తగలాల్సింది వాళ్లకు తగులుతుంది. తర్వాతి కూడిక ఆ ఇద్దరిలో ఒకరింట్లో పెట్టమని అడుగు. మీరంతా వాళ్లింటికి వెళ్లి, పెట్టింది తినండి. ఆ తర్వాత వరసగా ఒక్కో ఇంట్లో, రెండు వాడల్లోనూ. ఎవరింట్లో కూడిక అయితే ఆ ఇంటి పొయ్యి మీద కాచిన చాయే తాగాలి. బిస్కెట్ ప్యాకెట్, వాటర్ బాటిల్ కొనుక్కొచ్చి గట్టెక్కే ఉపాయాలు పనికిరావు.

ఇక ఎవరింట్లో వాళ్లు చదువుకోవడం మేలా అని అడిగావు. ఇంట్లో చదువుకో, ఎవరు కాదన్నారు? కానీ ఈ ప్రశ్న ఒంటరిగా తేలేది కాదు. ఆ పత్రికల్లో చాలావరకు సంఘాలకు రాసినవి. ఈ పత్రికను సహోదరులందరికీ చదివి వినిపించండని 1 థెస్సలొనీకయులకు 5:27లో పౌలు ఒట్టు పెట్టినంత పనిచేశాడు. మీ దగ్గర చదివాక లవొదికయ సంఘంలోనూ చదివించండి, వాళ్లకు వచ్చింది మీరు చదవండి అని కొలొస్సయులకు 4:16లో ఉంది. ఆ రోజుల్లో చదవడం వచ్చినవాళ్లు కొద్దిమంది. ఒకరు చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు. యజమానీ, అతని దాసుడూ ఒకే గదిలో కూర్చుని విన్న మాటలవి.

అంటే మీ కూడికకు ముందు రావాల్సిన మనిషి మీ నాయనమ్మ. పన్నెండు సెల్‌ఫోన్లలో పన్నెండు బైబిల్ యాప్‌లు తెరుచుకుని కూర్చున్న మీకంటే ఆ మొదటి సంఘాలు ఆమెకే దగ్గర. ఆమెకు విని గుర్తుపెట్టుకోవడం వచ్చు. చర్చిలో పాట ఎత్తితే పుస్తకం చూడకుండా అన్ని చరణాలూ పాడేది ఆమె తరమే కదా. పైగా మన బైబిలు భాష పాతది, ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు "యున్నారు", "వచ్చితిరి" దగ్గరే ఆగిపోతారు. ఏళ్ల తరబడి విన్న ముసలివాళ్లకు అది నోటికి అలవాటైన భాష. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి, తప్పులేదు.

ఒక పని చేసి చూడండి. ఒక్కరు గట్టిగా, నిదానంగా చదవాలి. మిగతావాళ్లు పుస్తకం మూసి, ఫోన్ బోర్లించి వినాలి. అయ్యాక ఎవరూ వివరించొద్దు. ఏం విన్నారో మన ఊరి మాటల్లో తిరిగి చెప్పాలి, మొదట చదువురానివాళ్లు. "నాయనమ్మా, నీకేం వినబడ్డది?" అని అడగండి. మీరంతా దాటేసిన మాట దగ్గర ఆమె ఆగుతుంది. రెండోసారి ఇంకొకరు చదవాలి. అప్పుడు మాట్లాడుకోవాలి, అప్పుడు కూడా "నా ఉద్దేశంలో" అని మొదలుపెట్టినవాణ్ని "అది ఏ వచనంలో ఉంది?" అని అడగాలి. సగం గొడవలు అక్కడే ఆరిపోతాయి.

మీ తాత బాప్తిస్మం తీసుకున్న సంగతి రాశావు కదా. వీలైతే నాయనమ్మను అడుగు, ఆయన ఒక్కడే తీసుకున్నాడా, వాడంతా కలిసి తీసుకున్నారా అని. తెలుగునేల మీద చాలాచోట్ల జరిగింది రెండోదే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అందులో ఎక్కువమంది మాదిగలు. ఒకడు నమ్మితే చుట్టాలతో, వాడకట్టుతో మాట్లాడుకుని కదిలారు. "నేను ఎవరిని" అని విడిగా కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకోవడం మన తరంతో వచ్చింది.

మన దిక్కు ఎం.బి. చర్చిల కథ చూసినా ఇంతే. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, జడ్చర్లలో పనిచేసిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ ఎక్కడ పుట్టిందో తెలుసా? అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, ఇళ్లలో కూడి బైబిలు చదువుకునే రైతుల మధ్య, 1860లో. ఆ మెన్నోనైట్ల మూలం ఇంకా వెనక్కి పోతే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్. అక్కడ కూడా కొందరు కుర్రవాళ్లు కలిసి లేఖనాలు చదువుతూ చదువుతూ, 1525 జనవరిలో ఒక ఇంట్లో ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. అందులో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను రెండేళ్లకు ఆ ఊరి నదిలోనే ముంచి చంపారు. చదువుకునే గుంపు అంటే అల్లాటప్పా వ్యవహారం కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి, ఇట్లాంటి గుంపుల నుంచే చీలికలూ పుట్టాయి, 1860లో పుట్టిన సంఘం కూడా ఒక చీలికే. కలిసి చదివితే గొడవ రాదని నేను మాటివ్వను.

మరి ఏం చదవాలి? ఇన్నాళ్లూ మీరు ప్రశ్న పట్టుకుని వచనాలు వెతికినట్టున్నారు. ఎవరికి కావాల్సిన వచనం వాళ్లకు దొరుకుతుంది, అది పెద్ద బైబిలు. ఆ పద్ధతి ఆపి ఒక పత్రిక మొత్తం మొదటి నుంచి చివరి దాకా చదవండి. నన్నడిగితే పేతురు రాసిన మొదటి పత్రిక. అయిదు అధ్యాయాలు, 105 వచనాలు. ఒక్కసారి కూర్చుని గట్టిగా చదివేయొచ్చు. మొదటి వారం అంతా చదివి వినండి, తర్వాత వారానికి కొంచెం కొంచెం.

అది ఎవరికి రాశాడో మొదటి వచనంలోనే ఉంది. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ దేశాల్లో చెదిరిపోయిన యాత్రికులకు. సొంత ఊరు కాని ఊళ్లో, పరాయివాళ్లుగా బతికేవాళ్లకు. పాలమూరు మనిషికి దీని మీద ప్రసంగం అక్కర్లేదు. బొంబాయికీ పుణెకూ మట్టి పనికి పోయినవాళ్లు ప్రతి వాడలోనూ ఉన్నారు. అక్కడ మీ పేరు ఎవరికీ తెలియదు, "పాలమూరు లేబర్" అంటే చాలు. మీ కూడికలో వలస పోయొచ్చిన వాళ్లెవరైనా ఉంటే ఆ మొదటి వచనం వాళ్లచేత చదివించు. పరాయి ఊళ్లో మనిషికి ఏం పోతుందో, ఏం మిగులుతుందో వాళ్లను చెప్పమను. ఆ తర్వాత రెండో అధ్యాయానికి వస్తే, "ఒకప్పుడు ప్రజగా ఉండక యిప్పుడు దేవుని ప్రజ అయితిరి" అన్న మాట ఎట్లా వినిపిస్తుందో చూడండి. దానికి ముందు వచనంలోనే ఏర్పరచబడిన వంశం, యాజకసమూహం అన్న మాటలున్నాయి. గుడి మెట్టు ఎక్కనివ్వని మనుషుల మనవళ్లు చదవాల్సిన వచనం అది. రెండు వాడలవాళ్లు పక్కపక్కన కూర్చుని చదివితే, ఇద్దరిదీ ఒకే వంశం అంటున్నాడే అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అదే అధ్యాయంలో 18వ వచనం దగ్గర మీ కూడికకు అసలు పరీక్ష. పనివాళ్లు మంచి యజమానులకే కాదు, ముష్కరులైన యజమానులకు కూడా లోబడి ఉండాలంటుంది. ఇది చదివి గబగబా కింది వచనానికి పోవద్దు. దొరల దగ్గర జీతగాళ్లుగా ఉన్న తరం ఇంకా మన వాడల్లో బతికే ఉంది. వెట్టి మీద తిరగబడ్డ జిల్లా నల్లగొండ. నాయనమ్మ ఆ వచనం విని "మరి దొర కొడితే కూడా ఊకోవాల్నా?" అని అడిగితే ఏం చెప్తారు? "ఆత్మీయంగా తీసుకోవాలమ్మా" అని దాటేస్తే ఆమె మళ్లీ నోరు తెరవదు.

నేనేం చెప్తానంటే, పేతురు రాసింది పారిపోతే ప్రాణం పోయే దాసులకు. చట్టం వాళ్ల వైపు లేదు. అయినా వాళ్లు పడేది అన్యాయమని తర్వాతి వచనంలోనే ఆయన పేరు పెట్టి చెప్పాడు. న్యాయమేనని, కర్మ అని అనలేదు. వీలుంటే స్వతంత్రుడవు కావడమే మంచిదని పౌలు 1 కొరింథీయులకు 7:21లో అన్నాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం తీయండి, "మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని ఆసాములనే తిడుతుంది. ఈ మూడూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. మనకైతే 1976 నుంచి వెట్టి చాకిరీ నిషేధ చట్టం ఉంది. దాసుడికి చెప్పిన ఓదార్పును దొర చేతికి కర్రగా ఇవ్వడం వాక్యం చదవడం కాదు. ఇది నా మాట. మీరు నాతో ఏకీభవించకపోయినా సరే, ఆమె ప్రశ్నను మాత్రం కూర్చోబెట్టి వినండి. ఆ ఒక్క వచనం మీద మూడు ఆదివారాలు పోయినా పోనీ.

బతుకమ్మ, ప్రసాదం సంగతి. ఒకడు 1 కొరింథీయులకు 8వ అధ్యాయం చూపించి విగ్రహం ఒట్టిది కాబట్టి తినొచ్చంటాడు. ఇంకొకడు 10:21 చూపించి ప్రభువు బల్లలోనూ దయ్యాల బల్లలోనూ పాలుపంచుకోవడం కుదరదంటాడు. ఇద్దరూ ఒకే పత్రిక నుంచి చెప్తున్నారు. 8 నుంచి 10 దాకా మూడు అధ్యాయాలూ ఒక్కసారే చదవండి, తర్వాత రోమీయులకు 14. పూజలో కూర్చోవడం వేరు, అంగడిలో కొన్నది తినడం వేరు, పిలిచిన ఇంట్లో భోజనం వేరు అని పౌలు విడగొట్టి మాట్లాడాడు, మీరూ అట్లాగే మాట్లాడుకోండి. సంఘాల మధ్య ఇందులో తేడాలున్నాయి. ఓటు పెట్టి తేల్చొద్దు, బతుకమ్మ ఆడిందని ఏ ఆడపిల్లనూ కూడికలో నిలదీయొద్దు. మగపిల్లలకు ఈ నిలదీతలంటే ఎందుకో అంత హుషారు, వాళ్లు తాగొచ్చిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

సర్టిఫికెట్ ప్రశ్నకు కూడికలో జవాబు లేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన దగ్గర బీసీ-సీలో వస్తారు. ఉద్యోగం, సీటు ముడిపడి ఉన్న సంగతి కాబట్టి తెలిసిన లాయర్‌తో మాట్లాడాలి, పదిమందిలో ఎవరి కాగితాలూ బయటపెట్టించొద్దు. అబద్ధం రాయమని నేను చెప్పను. భయపడేవాణ్ని అవిశ్వాసి అని తిట్టడం కూడా నాకు నచ్చదు. క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడొద్దని తన మొదటి పత్రిక 4:16లో రాసిన పేతురే ఒక రాత్రి ముంగిట్లో "ఆయన్ని నేనెరుగను" అన్నాడు. యాస పట్టించింది ఆయన్ను.

ఆ గంటసేపు మాట్లాడే అన్నకు పని అప్పజెప్పు. ఆయన చదివేవాడు, లేదా అందరూ అడిగిన ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసేవాడు. చదివినవాడు ఆ రోజు వివరించకూడదని కూడికకంతటికీ ఒక నియమం పెట్టండి, ఆయనొక్కడి కోసమని అనిపించకుండా. అలిగితే 1 కొరింథీయులకు 14:30 చూపించు. కూర్చున్న ఇంకొకనికి ఏదైనా తోస్తే మొదటివాడు మౌనంగా ఉండాలని ఉంది. ట్రైనింగ్‌లో చదివే ఉంటాడు. అయితే ఆయన్ను పక్కన పెట్టేయొద్దు. బితూనియ ఎక్కడుంది, దాసుల చట్టాలేంటి అన్నప్పుడు మీకు ఆయనే దిక్కు.

పాస్టరయ్యకు ముందే చెప్పండి. చాటున మొదలైన కూడికలకు చాటుమాటు పేరే వస్తుంది. ఏ పత్రిక చదువుతున్నారో, ఎవరిళ్లల్లో పెడుతున్నారో చెప్పి, నెలకోసారి వచ్చి కూర్చోమనండి, కానీ ప్రసంగం చేయడానికి కాదు, అందరితోపాటు వినడానికి. రెండు వాడల్లో తిరుగుతారని తెలిసి ఆయన వెనకాడితే కోపగించుకోవద్దు. సంఘంలో పెద్దల మాట పడాల్సింది ఆయనే కదా. ముందు ఒక్కసారి వచ్చి చూడమనండి. ఆ రోజు కూడిక మాత్రం పక్క వాడలోనే పెట్టండి.